ఆఫీసు కన్ను

పొగమెట్టలో సెల్ టవర్ల మీద నిబంధన పుట్టింది ఒక పెద్దమనిషి నెత్తిమీద.

రాజధాని నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి వ్యూపాయింటు దగ్గర ఇనపకమ్మీలకు ఆనుకుని, జాకరమ్మ కొండను వెనక పెట్టుకుని ఫోటో దిగాడు. మర్నాడు పేపర్లో పడిన ఫోటోలో, ఎదుటి కొండమీది టవరు సరిగ్గా ఆయన నడినెత్తిన మొలిచిన కొమ్ములా వచ్చింది. పేపరు చూసినవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. నెల తిరక్కుండా ఆ టవరు ఊడింది, 'పొగమెట్ట పర్వతదృశ్య పరిరక్షణ మండలి' వెలిసింది. అంత పేరు నోరు తిరగక జనం దాన్ని దృశ్యాలాఫీసు అన్నారు. దానికొక చైర్మను, ఒక కార్యనిర్వహణాధికారి, రెండు జీపులు, ఒక నిబంధన.

నిబంధన చిన్నదే. కొండల్లో ఎక్కడైనా టవరు కట్టుకోవచ్చు గాని, అది వ్యూపాయింటు నుంచి కనబడకూడదు. కట్టబోయే చోట ముందుగా అంతే ఎత్తున ఒక నమూనా స్తంభం నిలబెట్టాలి. మండలి ఉద్యోగి ఒకరు వ్యూపాయింటులో నిలబడి, దుర్భిణీ వగైరాల సాయం లేకుండా, స్వనేత్రాలతో చూసి, కనబడుటలేదని ధ్రువపత్రం ఇవ్వాలి. లేనిదాన్ని చూడలేదని రాయడం ఎవరికైనా సులువే. ఉన్నదాన్ని చూడలేదని రాయడానికి తగిన మనిషి కావాలి.

మొదట ఆ పని తిరుమలేశు అనే కుర్ర ఉద్యోగికి అప్పగించారు. అతనిది గద్ద చూపు. టవరు కంపెనీవాళ్లు స్తంభానికి ఆకుపచ్చ రంగు వేస్తే, ఎండిన గడ్డిలో పచ్చగా కనబడుతోందన్నాడు. మట్టిరంగు వేసేసరికి వానలు పడ్డాయి; పచ్చటి కొండమీద మట్టిరంగు కనబడుతోందన్నాడు. మంచులో కలిసిపోతుందని తెల్లరంగు వేశారు. ఆ రోజు ఎండ కాసింది. ఆఖరికి కంపెనీ మేనేజరు, "మీకే రంగు ఇష్టమో చెప్పండి సార్, అదే వేయిస్తాం" అన్నాడు. "నాకు రంగుతో పనిలేదండి. నాకు కనబడుతోంది" అన్నాడు తిరుమలేశు.

ఈ రంగుల మధ్య కొండవెనక ఊళ్లన్నీ సిగ్నలు లేక మూగబోయాయి. బొండ్రుగుడ నర్సు వంతల లచ్చిమి ఊరివాళ్లను వెంటబెట్టుకుని దృశ్యాలాఫీసుకి వచ్చింది. కార్యనిర్వహణాధికారి శేషాచలపతిగారు వాళ్లను వరండాలో నిలబెట్టే విన్నాడు.

"అయ్యా, మా ఊర్లో నొప్పులొస్తే అంబులెన్సుకి ఫోన్ సెయ్యడానికి పైకొండ ఎక్కాలండి. ఎక్కినోడు దిగేతలికి బిడ్డ పుట్టేస్తాది. ఒక్కోపాలి పుట్టదు" అంది లచ్చిమి.

"అమ్మా, మీ ఆవేదన మండలి దృష్టిలో ఉన్నది. అయితే దృశ్యమనునది జాతి సంపద. పురుడనునది కుటుంబ విషయము. రెండింటినీ కలపరాదు" అన్నాడు శేషాచలపతి. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతాడని చెప్పుకునేవారు.

ఫైలును కదిలించింది లచ్చిమి కాదు, చైర్మన్ రామభూపాల్‌గారి రిసార్టు. దాని పేరు మేఘమాల. సిగ్నలు లేకపోవడంతో అక్కడికొచ్చిన కొత్త దంపతులు పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తెల్లారేసరికి గదులు ఖాళీచేసి పోతున్నారు. దాంతో తిరుమలేశుకి పిల్లల పార్కులో ఉయ్యాలల తనిఖీ పని పడింది. వరసలో తర్వాతివాడు సీనియర్ అసిస్టెంటు బెవర అప్పలసూరి.

అప్పలసూరి విజయనగరం దిగువనున్న పల్లెలో పుట్టి, ఉద్యోగం కోసం కొండెక్కి, కొండమీదే ముసలితనానికి దగ్గరపడ్డవాడు. కాగితం మీద అబద్ధం రాయడన్న పేరుంది. అందువల్లే ప్రమోషను రాలేదన్న పేరు కూడా ఉంది. కొన్నేళ్లుగా రెండు కళ్లలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. అవి మెల్లమెల్లగా రావడంతో ఆయన ఆ తప్పు కళ్లమీద మోపలేదు. పొగమెట్టలో మంచు పెరిగిందనుకున్నాడు.

ఆయన వ్యూపాయింటులో కమ్మీ పట్టుకుని శ్రద్ధగా చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఎదురుగా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. అందులో నీలంగా ఏదో పెద్దది. అది జాకరమ్మ కొండే అయి ఉండాలి. అంతకుమించి ఏమీ లేదు. 'టవరు కనబడుటలేదు. దృశ్యము నిర్మలముగా ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు. అందులో అక్షరం అబద్ధం లేదు.

కంపెనీ మేనేజరు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చదివాడు. వానలు వెళ్లేలోపు బొండ్రుగుడ పైకొండ మీద టవరు లేచింది. ఆపైన లచ్చిమి బుట్టెడు సీతాఫలాలు తెచ్చి అప్పలసూరి బల్లమీద పెట్టింది.

"నిన్న మా గూడెంలో ఒకత్తికి నొప్పులొచ్చినాయి బాబూ. ఫోన్ సేత్తే బండొచ్చినాది. తల్లీ బిడ్డా బాగున్నారు."

"నేనేం చేశానమ్మా, కనబడలేదని రాశాను. అంతే" అన్నాడాయన. కాని ఆ సాయంత్రం భార్య పైడమ్మకి ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు కొంచెం గర్వంగానే వచ్చింది.

అప్పలసూరికి కనబడదన్న కబురు కొండల్లో నిప్పులా పాకింది. టవర్లవాళ్లు వచ్చారు. ఆ వెనక ఫోటోల్లో కనబడకూడనివి ఇంకేవైనా ఉన్నవాళ్లంతా వచ్చారు. మండలి ఉదారంగా నిబంధనను విస్తరించింది. టవర్లే కాదు, కట్టడాలు, బోర్డులు, తవ్వకాలు ఏవైనా సరే, అప్పలసూరికి కనబడకపోతే లేనట్టే. ఆయనకి వ్యూపాయింటులో ఒక కుర్చీ వేశారు, గొడుగు పాతారు, జీపు ఇచ్చారు. కమ్మీలకు ఒక బోర్డు తగిలించారు: 'ఇచ్చటి నుండి దృశ్యము నిర్మలముగా ఉన్నదని ధ్రువీకరించడమైనది.' వచ్చిన యాత్రికులు ఎదురుగా చూసేవారు, బోర్డు చదివేవారు, మళ్లీ ఎదురుగా చూసి, ప్రభుత్వమే అంటోంది కదా, లోపం మన కళ్లలో ఉందేమోనని సర్దుకునేవారు.

ఒకసారి అప్పలసూరికి ఆ తెలుపులో ఎర్రగా ఏదో మెదిలింది. "ఎరుపేదో ఉన్నట్టుంది సార్" అన్నాడు.

"మోదుగుపూలు" అన్నాడు శేషాచలపతి. "ప్రకృతి శోభ. దాని గురించి రాయనవసరము లేదు."

ఇంట్లో సంగతి వేరు. పైడమ్మ పప్పు వడ్డిస్తే ఆయన కంచం పక్కన నేలమీద అన్నం కలిపాడు. వీధిలో ఎవరి ఆవిడకో దారి అడ్డం నిలబడి "ఇంటి తాళమేదే" అని అడిగాడు.

"కొండ దిగి ఆపరేషను సేయించుకోండి" అంది పైడమ్మ. "ఊరందరికీ ఏటి కనబడదో సెప్తన్నారు, ఇంట్లో నాను కనబడను."

అప్పలసూరి సెలవు చీటీ పట్టుకుని కార్యనిర్వహణాధికారి గదిలోకి వెళ్లాడు. శేషాచలపతి దాన్ని చదివి, అంటుకునే వస్తువేదో చేతికొచ్చినట్టు బల్లమీద దూరంగా పెట్టాడు.

"సూరిగారూ, ఈ నేత్రములు మీ సొంతమను భ్రమలో ఉన్నారా?"

"మరెవరివి సార్?"

"తూనికలు కొలతల ఆఫీసులో కిలోరాయి ఉంటుంది చూశారా. దానికి తుప్పు పట్టినా ఎవరూ రుద్దరు. రుద్దితే బరువు మారును, జిల్లాలోని బేరములన్నియు తప్పగును. మీ దృష్టి ఈ మండలికి ప్రామాణిక దృష్టి. అది నేడు మారినచో, నిన్నటి వరకు ఇచ్చిన ధ్రువపత్రముల గతి యేమి?"

"మా ఆవిడ మొహం సరిగ్గా చూసి చాన్నాళ్లయింది సార్."

"అది దృశ్య పరిరక్షణ పరిధిలోకి రాదు."

అయినా సెలవు చీటీ వచ్చింది గనక దానికో జవాబు ఉండాలి. జవాబు కోసం ఉపసంఘం వేశారు. ఉపసంఘం దిగువ ఊళ్లోని ధర్మాసుపత్రి కంటి డాక్టరును పిలిపించింది. ఆయన తన ధోరణిలో, "రెండు కళ్లకీ ఒకేసారి చెయ్యమండీ. ముందు ఒకటి, కొన్ని వారాలాగి రెండోది" అన్నాడు. ఉపసంఘం సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సమస్య దానంతటదే విడిపోయింది. కుడి కన్ను కుటుంబ అవసరాల నిమిత్తం బాగుచేయించుకోవచ్చు. ఎడమ కన్ను ఆఫీసు అవసరాల నిమిత్తం యథాతథంగా ఉండాలి. విధి నిర్వహణలో కుడి కంటికి గుడ్డ కట్టుకోవాలి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. డాక్టరు ఏదో అనబోయాడు గాని, అప్పటికే టీలు వచ్చాయి.

"అయితే కుడిది నాకు, ఎడమది ఆఫీసుకా" అంది పైడమ్మ. "పోన్లెండి. సగమైనా ఇచ్చారు."

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పిన రోజున అప్పలసూరి ముందు ఆసుపత్రి గోడను చూశాడు. అది నీలంగా ఉంది. గోడలకి అంత నీలం ఉంటుందని ఆయన మరిచిపోయాడు. తర్వాత మంచం పక్కన కూర్చున్న మనిషిని చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఏటలా సూత్తన్నారు?" అంది పైడమ్మ, కొంగు సర్దుకుంటూ.

"జుత్తంతా నెరిసిపోనాదేటే."

"నెరిసి ఎన్నాళ్లయిందనుకున్నారు."

"నాకెవులూ సెప్పలేదు."

"మీ కళ్లతో మీరు సూసుకోవాల గానీ, ఇలాటియి ఒకరొచ్చి సెప్తారేటి" అంది. కోపంగానే అంది గాని, ఆయన తనని చూస్తున్నంతసేపూ తల తిప్పుకోలేదు.

కొండెక్కి తిరిగొచ్చాక అప్పలసూరికి ఇల్లంతా కొత్తగా ఉంది. బియ్యంలో రాళ్లు ఏరాడు. గోడమీద చీమలబారు చూస్తూ పేపరు చదవడం మరిచాడు. ఉద్యోగంలో తిరిగి చేరే రోజున శేషాచలపతిగారు స్వయంగా ఆయన కుడికంటికి పచ్చగుడ్డ కట్టి, ముడి లాగి చూసి, జీపెక్కించాడు. వ్యూపాయింటులో మళ్లీ అదే తెలుపు. అప్పలసూరి యథాప్రకారం రాశాడు. తప్పుచేస్తున్నానేమోనన్న అనుమానం అప్పటికి రాలేదు. ఆ పనికి అది ఆఫీసువారి కన్ను, అనుకున్నాడు.

అనుమానం తర్వాత వచ్చింది. మేఘమాలకి కొత్త భవనం లేచింది. దాని బాల్కనీలో దిగిన ప్రతి ఫోటోలోనూ బొండ్రుగుడ టవరు వచ్చి పడుతోంది. చైర్మన్‌గారికి ఇప్పుడు ఆ టవరుతో పనిలేదు. సొంత మేడమీదే ఒకటి పెట్టించుకున్నాడు. శేషాచలపతి అప్పలసూరిని పిలిచి కుర్చీ చూపించాడు. అదివరకెన్నడూ చూపించలేదు.

"రేపు సంయుక్త తనిఖీ. రెండంశములు. ఒకటి, మేఘమాల నూతన భవనము. దానిని ఎడమ కంటితో పరిశీలించండి."

"అలాగే సార్."

"రెండు, బొండ్రుగుడ టవరు. దానిని కుడి కంటితో పరిశీలించండి."

అప్పలసూరికి వెంటనే అర్థం కాలేదు. "కుడిది ఇంటి కన్ను కదండీ."

"మండలి అనుమతితో బాగుపడిన కన్ను. అవసరమైనప్పుడు మండలి వాడుకొనును."

"కుడికంటితో చూస్తే టవరు కనబడుతుందేమో సార్."

"కనబడవలెననియే కదా చూడమనుచున్నది" అన్నాడు శేషాచలపతి ఓపిగ్గా.

ఆ రాత్రి అప్పలసూరి అన్నం సరిగ్గా తినలేదు. పైడమ్మ అడిగితే చెప్పాడు. ఆమె ఆలోచించి, "కళ్లు రెండైనా సంతకం ఒకటే గదండీ" అంది.

మర్నాడు చైర్మను కారులోను, శేషాచలపతి జీపులోను వచ్చేసరికి వ్యూపాయింటు జనంతో నిండి ఉంది. టవరు ఊడబీకుతారన్న కబురు విని బొండ్రుగుడ అంతా దిగింది. లచ్చిమి ముందు నిలబడింది. ఆమె అప్పలసూరికి దణ్ణం పెట్టలేదు; ఆయన మొహంలోకే చూస్తోంది.

మొదటి అంశం. కుడికంటికి గుడ్డ కట్టారు. అప్పలసూరి మేఘమాల వైపు చూశాడు, అంతా అదే పాల తెలుపు. "కనబడుటలేదు సార్." చైర్మను తలాడించాడు. రెండో అంశం. గుడ్డ విప్పి ఎడమకంటికి మార్చారు. అప్పలసూరి కుడికన్ను తెరిచి, మంచు తేలిన తరవాతి ఎండలో, ఎన్నో ఏళ్లకి మొదటిసారి, తాను నిర్మలమని రాస్తూ వచ్చిన దృశ్యాన్ని చూశాడు.

టవరు సన్నగా ఒక మూల ఉంది. పిల్లవాడు పెన్సిలుతో గీసిన గీతలా ఉంది.

ఎదురుగా సగం కొండ లేదు. జాకరమ్మ కొండకి పొగమెట్టవైపు ఒళ్లంతా పైనుంచి కిందికి కోసేసి, ఎర్రటి మట్టి బయటపడి ఉంది. యంత్రాలు దాన్ని గోకుతున్నాయి. లారీలు వరసకట్టి దిగుతున్నాయి. కోసి చదును చేసిన చోటే మేఘమాల, పాతదాని పక్కన కొత్తది, మెరిసే అద్దాలతో.

"కనబడినదా?" అన్నాడు శేషాచలపతి.

"కనబడింది సార్."

బొండ్రుగుడ జనంలో ఒక మూలుగు లేచింది.

"వ్రాయండి."

అప్పలసూరి రాయలేదు. "జాకరమ్మ కొండ ఏది సార్?"

"ఎదురుగనే యున్నది."

"ఆ ఎర్రగా ఉన్నవి మోదుగుపూలన్నారు. పువ్వుల్ని లారీల్లో ఎత్తుతున్నారేంటి సార్?"

శేషాచలపతి చైర్మన్ వైపు చూశాడు. చైర్మను గడియారం వైపు చూశాడు. ఆ సందులో అప్పలసూరి ఎడమకంటి గుడ్డ తీసేసి, కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు గీతమీదే నిలిచాయి. రాసింది పైకి చదివాడు. ఆఫీసు కాగితాన్ని జనంలో చదవడం ఆయన ఉద్యోగజీవితంలో అదే మొదలు.

"టవరు కనబడుచున్నది. మేఘమాల కనబడుచున్నది. కొండ కనబడుటలేదు. కావున టవరు ఏ దృశ్యమునకు అడ్డముగా ఉన్నదో తెలియరాలేదు. గతమున నేనిచ్చిన పత్రములన్నియు కళ్లు కనబడక ఇచ్చినవి. ఈ సంగతి అధికారులకు తెలియును."

"ఆ కాగితం ఇటివ్వండి" అన్నాడు చైర్మను మెత్తగా.

అప్పలసూరి ఇచ్చాడు. అయితే లచ్చిమి అప్పటికే తన ఫోన్లో దానికి ఫోటో తీసింది. బొండ్రుగుడ టవరు సిగ్నలు వ్యూపాయింటులో చక్కగా అందుతుంది. చైర్మను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టేలోపు అది కొండ దిగి, పట్నం చేరి, పేపరువాళ్ల చేతుల్లో పడింది.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. కొండను తిరిగి పెట్టడానికి ఏ పద్దులోనూ వీలులేదు. మేఘమాలను తొలగించే విషయం చర్చకు వచ్చింది గాని, చర్చకు అధ్యక్షత వహిస్తున్నది మేఘమాల యజమాని. టవరు ముట్టుకుంటే పేపర్లు ఊరుకోవు. అప్పలసూరిని సస్పెండు చేద్దామంటే, ఏ నేరానికి అన్నది తేలలేదు. చూసినందుకా, ఇన్నాళ్లూ చూడనందుకా. అందరూ అలిసిపోయాక శేషాచలపతి లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, నిబంధన ప్రకారము ఏదియు వ్యూపాయింటు నుండి కనబడరాదు. కనబడునవి అనేకము, వ్యయసాధ్యము. వ్యూపాయింటు ఒక్కటి. దానిని తొలగించిన సరిపోవును కదా."

చప్పట్లు మోగాయి.

వ్యూపాయింటు కమ్మీల స్థానంలో నిలువెత్తుకి రెండింతలు గోడ లేచింది. విశాఖ నుంచి చిత్రకారుణ్ణి రప్పించి, పాత క్యాలెండరు చూపించి, గోడమీద జాకరమ్మ కొండ మునుపటిలా వేయించారు. పైన ఇంద్రధనుస్సు చైర్మన్‌గారి సూచన. టిక్కెట్టు పెట్టారు. మునుపటికన్నా ఫోటోలు బాగున్నాయని, మంచు బెడద లేదని, పిల్లలు లోయలో పడతారన్న భయం కూడా లేదని యాత్రికులు సంతోషించారు. చూసే చోటే లేదు గనక ఇప్పుడు పొగమెట్టలో ఏదీ కనబడదు. టవర్లు, మేఘమాల, తవ్వకం అన్నీ నిబంధనకు లోబడి ఉన్నాయి.

ఆ నెలాఖరున అప్పలసూరికి ఒక ఉత్తర్వు అందింది. 'సదరు ఉద్యోగి ఎడమ కన్ను ఇకపై ఆఫీసు అవసరములకు మిగులుగా పరిగణింపబడినందున, యథాస్థితిలో సొంతదారుకు తిరిగి అప్పగించడమైనది. ముట్టినట్లు సంతకము చేయవలెను.' ఆయన కుడికంటితో చదివి, ముట్టినదని రాసి సంతకం పెట్టాడు.

ఆపరేషనుకి పైడమ్మతో కలిసి పొద్దున్న బస్సెక్కాడు. ముందు సీట్లో లచ్చిమి, నెలలు నిండిన ఒక పిల్లను ఆనించుకుని కూర్చుని ఉంది. ఆసుపత్రికే. బస్సు ఘాటురోడ్డులోకి దిగగానే, గోడ లేనిచోట, జాకరమ్మ కొండ ఎర్రగా పక్కకి వచ్చింది.

లచ్చిమి వెనక్కి తిరిగింది. "బాబూ, అడుగుతానని ఏటనుకోకండి. ఇన్నాళ్లూ మీకు నిజంగా కనబడీది కాదా?"

"లేదమ్మా."

"మావోళ్లు మీరు డబ్బులు తినేసి సంతకం ఎడుతున్నారనుకునీవోరు."

అప్పలసూరి ముందుకు వంగాడు. "నువ్వు కూడానా?" అన్నాడు.

"నానూ అనుకున్నాను."

"మరి ఆ రోజు సీతాఫలాలు తెచ్చావు. ఎన్నోసార్లు కనబడ్డావు. కొండ తవ్వేస్తున్నారని ఒక్కసారి నాతో అనలేదేం తల్లీ?"

లచ్చిమి పక్కనున్న పిల్ల తలని భుజంమీదికి సర్దుకుంది. "అంటే మీరు సూడక తప్పదు గదండీ. కొండని సూసినోరు మా టవరుని మాత్రం సూడకుండా ఉంటారేటి" అంది.

పైడమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా కొండ కిటికీల్లో నిండుగా ఉంది. డ్రైవరుకీ, కండక్టరుకీ, సంతకి పోయే ఆడవాళ్లకీ, అందరికీ కనబడుతూనే ఉంది. ధ్రువీకరించమని ఎవరూ ఎవరినీ అడగలేదు.